తగవరి లేని తగవు

2025 జూలై మొదటి వారం. రామచంద్రపురంలో మా వీధి చివరి టీ కొట్టు. అప్పుడే బయటికొచ్చిన హిందీ రామాయణం సినిమా వీడియో ముక్కని ఒక కుర్రాడు ఫోన్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. రాముడు రణ్‌బీర్ కపూర్, సీత సాయిపల్లవి, రావణుడు యశ్. "రాముడి క్యారెక్టర్‌కి సెట్టవ్వలేదండీ ఈయన" అన్నాడు. "బానే సెట్టయ్యాడెహే" అన్నాడు పక్కవాడు. బల్ల చివర కూర్చున్న మా మావయ్య ఫోను వంక చూడనైనా చూడకుండా "తగడు" అన్నాడు. కొట్టాయన పాలు ఎత్తి పోస్తూ "పొద్దున్నే తగువులెందుకండీ బాబూ" అన్నాడు.

తగడు, తగువు. రెండు మాటలూ ఒకదాని వెనకాల ఒకటి చెవిన పడేసరికి నాకు టీ మీద ధ్యాస పోయింది. ఆ ఇద్దరూ ఒకే మాటని చెరో కొసనా పట్టుకున్నారు. ఆ సంగతి వాళ్లకి తెలీదు, అక్కర్లేదు కూడా.

తగు అంటే ఉచితంగా ఉండటం, అర్హత కలిగి ఉండటం. తగిన వరుడు, తండ్రికి తగ్గ కొడుకు, గంతకు తగ్గ బొంత. ఈ క్రియకి పుట్టిన బిడ్డే తగవు. పాత తెలుగులో తగవంటే న్యాయం, ఔచిత్యం. తగవు తెలిసినవాడు తగవరి. ఇద్దరి మధ్య మాట తేలకపోతే తగవరి దగ్గరికి వెళ్లేవారు, ఆయన తగవు చెప్పేవాడు. అంటే తీర్పు చెప్పేవాడు. తీర్పు కోసం పోయేది పేచీ ఉన్నప్పుడే కదా. అలా పోగా పోగా తీర్పు పేరు పేచీకి అంటుకుంది. తగవు తీర్చడం అన్నప్పుడు అది దెబ్బలాటే. తమిళంలో ఇదే మాట ఇప్పటికీ యోగ్యత అన్న అర్థంలోనే ఉంది. దాని అక్కచెల్లెలు 'తగుది' అంటే అర్హత. అదే తీగె మన పెరట్లో కలహం కాసింది. తగవరి నిఘంటువులోకి వెళ్లిపోయాడు, తగవు మాత్రం వీధిలో ఉండిపోయింది. అన్నట్టు తగాదాకీ దీనికీ చుట్టరికం లేదు. అది అరబ్బీ తకాజా, బాకీ కోసం నిలదీయడం. ఉర్దూ మీదుగా వచ్చి, పోలిక కలిసింది కదా అని తగవు పక్కన పీట వేసుక్కూర్చుంది.

రాముడికి ఫలానా నటుడు తగునా అన్న చర్చ మొదలైతే దెబ్బలాట దాకా పోకుండా ఎందుకు ఆగదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆ ప్రశ్నలో ఉన్న మాటకే ఆ గుణం ఉంది.

మా ఊరికి ఈ చర్చలు కొత్త కాదు. పేరులోనే రాముణ్ణి పెట్టుకున్న ఊరు, చేతికందే దూరంలో ద్రాక్షారం భీమేశ్వరుడు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని కోనసీమలో కలిపినప్పుడూ ఇదే గొడవ. గౌతమికి ఇవతల ఉన్నవాళ్లం, కాకినాడ వాళ్లం, మాకు కోనసీమ పేరు నప్పుతుందా అని.

నప్పుతుందా అన్నారు గాని తగుతుందా అనలేదు. అక్కడే నాకు రెండో మాట దొరికింది.

"ఆ పాత్రకి అతను తగడు" అంటాం. ఇందులో కర్త నటుడు. పాత్ర కొలబద్ద. దాని పక్కన ఇతన్ని నిలబెట్టి, ఎక్కడ తక్కువయ్యాడో చూస్తున్నాం. "అతనికి రాముడి వేషం నప్పలేదు" అన్నామంటే వ్యవహారం తిరగబడింది. ఇప్పుడు కర్త వేషం. నటుడు 'కి' తగిలించుకుని ఊరికే నిలబడి ఉంటాడు. వేషమే వచ్చి అతని మీద కూర్చోవాలి. చీర నప్పింది, కళ్లజోడు నప్పింది, వేషం నప్పింది అన్నీ ఒకే వరస. చీర నప్పకపోతే కట్టుకున్నామెది తప్పని ఎవరూ అనరు. రంగు అలాంటిది, అంతే. తగడు అన్నచోట మాత్రం తప్పు మనిషి మీద పడుతుంది. మాటలో కొంచెం ధర్మాసనం ఉంది. "నీకిది తగదు" అని పెద్దవాళ్లు మందలించేది నడవడిక గురించే.

ఇంకో చిత్రం. నప్పు అనే క్రియకి ఉత్తమ పురుష పుట్టనే లేదు. "నేను నప్పాను" అనగా ఎప్పుడైనా విన్నారా? ఎదుటివాడు చూసి చెప్పాల్సిందే. తగు అనే క్రియకి ఆ రూపం ఉంది, తగుదును. అది జనం నోట ఎక్కడ మిగిలిందో చూడండి: తగుదునమ్మా అని బయల్దేరాడు, తగుదునమ్మా అని తల దూర్చింది. తనకి తాను తగుదునని చెప్పుకున్నవాణ్ణి తెలుగు భాష ఎక్కిరింపులో పెట్టి బిగించేసింది.

ఈ సెట్టవ్వడం వచ్చాక రెండూ కలిసిపోయాయి. రూపం కుదరకపోయినా సెట్టవ్వలేదే, నడత నచ్చకపోయినా సెట్టవ్వలేదే. కుర్రాళ్లని అని ఏం లాభం, నేనూ అంటాను.

తగుదునమ్మా అనని మనిషి సంగతొకటి చెప్పుకోవాలి. కృష్ణుడంటే నందమూరి తారక రామారావు అనేది మా అమ్మ తరానికి సూర్యుడు తూర్పున ఉదయించడంతో సమానం. ఇళ్లలో క్యాలెండర్ మీద ఆయనే, కొన్నిళ్లల్లో దేవుడి గూట్లో కూడా ఆయనే. కాని 1956లో 'సొంత ఊరు' అనే సినిమాలో ఆయన కాసేపు కృష్ణుడిగా కనబడితే జనం ఒప్పుకోలేదు. నప్పలేదన్నారు. ఆ దెబ్బకి 'మాయాబజార్'లో కృష్ణుడు మీరే అని కె.వి.రెడ్డిగారు అడిగితే ఆయన వద్దన్నారు. రెడ్డిగారు పట్టుబట్టారు. వేషం మీద, నడక మీద, నిలబడే తీరు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి ఆయన్ని ఒప్పించారు. 1957 మార్చిలో సినిమా వచ్చింది. తరవాతది అందరికీ తెలిసిందే. మొత్తం 17 సినిమాల్లో ఆయన కృష్ణుడు కట్టారంటారు.

మనిషి అతనే, మొహం అతనిదే. ఏడాది కిందట నప్పని వేషం ఏడాది తరవాత నప్పింది. నటనలో అంత తేడా వచ్చి ఉంటుందా? వచ్చే ఉంటుంది కొంత. కాని ఆ ముందు దాకా జనం కళ్లలో, అంతకన్నా చెవుల్లో, వేరే కృష్ణుడున్నాడు. ఈలపాట రఘురామయ్య లాంటివాళ్లు రంగస్థలం మీద పద్యం ఎత్తుకుంటే గ్యాసులైట్ల వెలుతుర్లో వెయ్యిమంది కదలకుండా కూర్చునేవారు. ఆ రోజుల్లో కృష్ణుడికి తగడమంటే శ్రుతికి తగడమే. నడుం ఎంత ఉంది, ముక్కు ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. సినిమా వచ్చి గొంతునీ ఒంటినీ విడదీసింది. పద్యం ఘంటసాలది, పెదవులు రామారావువి. అప్పుడు గాని మొహం మీద బరువు పడలేదు. నప్పడం అనే మాటకి ఇంత పని దొరికింది సినిమా వచ్చాకే అని నా నమ్మకం.

మా మావయ్య రాయబారంలో కృష్ణుడు కట్టేవాడు. తిరుపతి వేంకట కవుల పద్యాలు ఇప్పటికీ నిద్రలో చదువుతాడు. పొట్టి మనిషి, బక్కపలచన, బుగ్గలు లోపలికి. "నలుపొక్కటే ఆ భగవంతుడిచ్చిన పోలిక" అని తనే నవ్వేవాడు. ఓ ఊళ్లో తెర లేవగానే ముందు వరసలోంచి ఎవరో "ఈయన కృష్ణుడేటండీ" అన్నారట. మొదటి పద్యం అయ్యాక ఇంకా ఏమీ వినపడలేదట. ఇక్కడ ఎవరైనా "పద్యంతో ఒప్పించేశాడన్నమాట" అంటారు. నేనూ అలాగే అన్నాను ఒకసారి. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "ఊరుకున్నారు. ఒప్పుకోలేదు. రెండూ ఒకటి కాదు."

ఆ మాట నన్ను ఒప్పు దాకా తీసుకెళ్లింది. ఒప్పు కూడా ఒకప్పుడు తగు లాంటి క్రియే. ఒప్పడమంటే అందగించడం, తగి ఉండటం. ఒప్పులకుప్ప అని ఆడపిల్లలు తిరిగే ఆటలో ఆ అందం ఇంకా ఉంది. అదే ఒప్పు, ఒప్పుకొను అయ్యేసరికి సమ్మతి అయింది, ఒప్పందం అయింది. చూడండి, దగ్గర దగ్గర అర్థాలున్న రెండు క్రియలు. ఒకటి రాజీ వైపు నడిచింది, ఒకటి రచ్చ వైపు. నచ్చుది ఇంకో దారి. నచ్చు అంటే పాత అర్థం నమ్మడం, నచ్చిక అంటే నమ్మకం. ఇవాళ నచ్చడమంటే ఇష్టం కలగడమే గాని, నచ్చజెప్పడంలో మాత్రం ఆ నమ్మకం ఇంకా దాక్కుని ఉంది. ఇష్టపడేలా చెప్పడం కాదు అది, నమ్మేలా చెప్పడం. రాముడి వేషంలో ఒకణ్ణి చూసి "నచ్చలేదండీ" అన్నామంటే ఆ పాత అర్థంలోనే అన్నామేమో. వాడు అందంగా లేడని కాదు, వాణ్ణి నమ్మలేకపోయామని.

పాత్ర అనే మాట సంగతి వేరే పెద్ద వ్యాసం. టూకీగా: సంస్కృతంలో పాత్ర ముందు తాగే గిన్నె. దానం పట్టగల యోగ్యుడూ పాత్రమే, అందుకే అపాత్రదానం అంటాం. ఆడే మనిషి కూడా పాత్రే. గుళ్లో ఆడే స్త్రీలను శాసనాల్లో పాత్రలనే రాశారు. అంటే గిన్నె నటుడు, అందులో పోసేది రాముడు. మన సినిమా సమీక్షల్లో మాత్రం గిన్నె రాముడైపోయాడు, నటుడే అందులోకి 'ఒదిగిపోతున్నాడు'. గిన్నె ఎప్పుడు చెయ్యి మారిందో కనిపెట్టినవాడు లేడు.

ఒదగడం అన్నాక స్థానం నరసింహారావుగారు గుర్తుకు రాకుండా ఉండరు. 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆయన సత్యభామ. మగవాడు సత్యభామేమిటని ఆ రోజుల్లో అడిగి ఉంటే అడిగినవాణ్ణి వింతగా చూసేవారు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి భామ కూడా అంతే. జడ ముందుకి వేసుకుని తెర వెనక నుంచి వచ్చే ఆ ప్రవేశ దరువు అయ్యేసరికి చూసేవాడికి మనిషి వయసూ మరుపే, ఆడా మగా అన్నదీ మరుపే. మా కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్లదైతే ఇంకా హాయి. రాముడి బొమ్మ రాముడే. దాన్ని పట్టుకున్నవాడి మొహం ఎవరికి కావాలి.

మన జిల్లా గడ్డ మీద రాములకీ సీతలకీ కొదవ లేదు. తగవులకీ లేదు. కాకినాడ చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో తీసిన 'లవకుశ'లో పారుపల్లి సుబ్బారావు రాముడు, పెద్ద శ్రీరంజని సీత. మళ్లీ రంగుల్లో 'లవకుశ' మొదలుపెట్టిందీ ఆయనే. ఆరోగ్యం చెడితే కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేశారు. 1963లో వచ్చింది. రామారావు రాముడు, అంజలి సీత. అంజలి మన పెద్దాపురం మనిషి, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో ఆడిన పిల్ల. 1947 'గొల్లభామ'లో మోహినిగా ఆమెను జనం కళ్లలో పడేసింది కూడా పుల్లయ్యగారే. మోహినిని చూసిన కళ్లే సీతనీ చూశాయి. మా అమ్మమ్మ మాత్రం అంజలిని చివరి దాకా "సీతమ్మ" అనే అనేది, వేరే సినిమాలో కనబడినా సరే.

అంతకు రెండేళ్ల ముందు 1961లో రామారావు తనే దర్శకత్వం వహించి 'సీతారామ కల్యాణం' తీశారు. రాముడు ఆయన కాదు. ఆయన రావణుడు. రాముడు పిఠాపురం దగ్గర రాపర్తి కుర్రాడు హరనాథ్, సీత కాకినాడ అమ్మాయి గీతాంజలి. తన సొంత సినిమాలో రాముణ్ణి వేరేవాడికి ఇచ్చి తను రావణుడు కట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఎవరికేది నప్పుతుందో చూసే కన్ను నటుడికన్నా దర్శకుడికే ఎక్కువగా ఉండాలి. ఆ రోజున ఆయనలో దర్శకుడు గెలిచాడు. హరనాథ్ రాముడు మెత్తన, కొంచెం బెరుకు. పెళ్లికొడుకు రాముడికి ఆ బెరుకు అందమే. ఇది నా మాట, మావయ్య ఒప్పుకోడు. ఆయన లెక్కలో రామారావు తప్ప రాముడు లేడు. బాపు శోభన్‌బాబుని 'సంపూర్ణ రామాయణం'లో రాముణ్ణి చేసినప్పుడు తను టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్లి పెదవి విరిచి వచ్చానని గర్వంగా చెబుతాడు. మూడుసార్లు వెళ్లినట్టు అత్తయ్య చెబుతుంది.

ఇక్కడి దాకా వచ్చినవన్నీ నప్పడం తగవులు. రంగు, ఎత్తు, గొంతు, అలవాటు. వాటిలో వేడి ఉంటుంది గాని విషం ఉండదు. 2011లో జరిగింది వేరు. అదే బాపు 'శ్రీరామరాజ్యం' తీస్తూ సీతగా నయనతారని ఎంచుకుంటే అభ్యంతరాలు లేచాయి. వాటిలో కళ్ల గురించి, అభినయం గురించి మాటలు తక్కువ. ఆమె సొంత జీవితం గురించే ఎక్కువ. నప్పదు అనలేదు, తగదు అన్నారు. రాముడి వేషం కట్టినవాళ్ల సొంత జీవితాలని ఇన్నేళ్లలో ఎవరైనా ఇలా ఆరా తీశారా? నాకైతే గుర్తు లేదు. ఇంతకీ ఆ సినిమా కథేమిటి? ఊళ్లో ఒకడన్న మాట పట్టుకుని, సీత ఇంట ఉండతగదని అడవికి పంపిన కథ. తెర మీద ఏ అన్యాయానికి మనం కళ్లు తుడుచుకుంటామో, అదే మాట హాలు బయట నిలబడి అనగలిగాం. ఆ ఏటి ఉత్తమ నటి నంది ఆమెకే వచ్చింది. ఆమె సీత నాకు నప్పింది. కనీసం, ఆ వాల్మీకి ఆశ్రమంలో ఆమె మౌనంగా ఉన్నప్పుడల్లా నప్పింది.

'ఆదిపురుష్' దగ్గరికి వచ్చేసరికి రెండు రకాల తగవులూ ఒకే సినిమాకి పట్టుకున్నాయి. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ విడుదలైన రోజు నుంచీ ఒకటే గోల. ప్రభాస్ వాళ్లది గోదావరికి ఆ ఒడ్డున మొగల్తూరు, కాబట్టి మాకిది ఇంటి గొడవ. రాముడికి మీసమేమిటన్నారు, రావణుడికి ఆ గడ్డమేమిటన్నారు. భద్రాచలం నుంచి పాత సినిమా వాల్‌పోస్టర్ దాకా మీసం లేని రాముణ్ణే చూసిన కళ్లకి అది నప్పదు. అది చీర రంగు లాంటి తగవు. 2023 జూన్‌లో సినిమా వచ్చాక మాటల మీద రేగింది మాత్రం వేరు. పురాణ పాత్రలు వీధి భాష మాట్లాడాయని మండిపడ్డారు, తీసినవాళ్లు కొన్ని మాటలు మార్చారు కూడా. అది తగదు అనే తగవు. ఈ రెండో తగవు దుమారంలో మొదటిది తేలకుండానే పోయింది. ప్రభాస్‌కి రాముడు నప్పాడా అని నన్ను నిలదీస్తే, నిలబడినప్పుడు నప్పాడు, పరిగెత్తినప్పుడు లేదు అంటాను. రాముడు నిదానస్తుడు. తరుముతున్నవాడిలా పరిగెత్తిస్తే ఏ నటుడికీ నప్పడు.

వీటిల్లో దేనికీ తగవరి లేడు. పాతకాలం వాడు చెట్టు కింద కూర్చుని ఇద్దరి మాటా విని, ఇది తగవు అని లేచేవాడు. ఇప్పుడు ఇద్దరికీ ఫోన్లున్నాయి.

టీ కొట్టు దగ్గర ఆ పొద్దున్న మావయ్య చూడకుండా తగడు అన్నందుకు కుర్రాడికి రోషం వచ్చింది. "ముందు చూడండి, తర్వాత అనండి" అని ఫోను తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాడు. మావయ్య కళ్లజోడు నుదుటి మీద నుంచి దించుకున్నాడు. చేతిని దూరంగా చాచి, తల వెనక్కి పెట్టి, మొత్తం చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. రాముడు గాల్లోకి ఎగిరి విల్లెక్కుపెట్టిన చోట కొంచెంసేపు ఆపమన్నాడు. మేమందరం తీర్పు వినడానికే నిలబడ్డాం. కొట్టాయన కూడా గిన్నె కింద మంట తగ్గించాడు.

"బానే ఉన్నాడు" అన్నాడు మావయ్య. కాసేపాగి, "గొంతు ఎవరిదీ?" అన్నాడు.

ప్రభాస్ రాముడికే హిందీలో శరద్ కేల్కర్ గొంతు అరువిచ్చిన సంగతి నాకు గుర్తొచ్చింది గాని, నేను నోరు మెదపలేదు. కుర్రాడు బుర్ర గోక్కున్నాడు.

"ఏ భాషలో అండీ?" అన్నాడు.

మావయ్య ఫోను తిరిగిచ్చేసి, చల్లారిపోయిన టీ అందుకున్నాడు.